అరటికి గింజ ఎందుకు లేదు మేడమ్?

"సమవిభజనకూ క్షయకరణ విభజనకూ మధ్య భేదాలు రాయండి." పదో తరగతి గట్టెక్కిన వాళ్ళెవరికైనా ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. గైడ్‌లో రెండు గళ్ళ పట్టిక ఉంటుంది. ఎడమ పక్క శాఖీయ కణాలు, కుడి పక్క లైంగిక కణాలు. ఎడమ పక్క రెండు పిల్లకణాలు, కుడి పక్క నాలుగు. పిల్లలు దాన్ని పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తారు. ఎక్కడా తడబడరు. అంతా అయ్యాక "సరేరా, నీ ఒంట్లో ఇప్పుడు క్షయకరణ విభజన ఎక్కడ జరుగుతోంది?" అని అడిగి చూడండి. తల వంచుకుని బెంచీ మీద గీతలు చూస్తాడు. వాడికి తెలియదని కాదు, అసలు అది తన ఒంటికి సంబంధించిన సంగతని ఎవరూ చెప్పలేదు.

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో కొబ్బరి, అరటి. మిగిలిన వాళ్ళల్లో చాలామంది నాన్నలు రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. కణవిభజన చెప్పడానికి ఇంతకంటే మంచి ఊరు ఉంటుందని నేననుకోను. అలాంటి ఊళ్ళో కూర్చుని ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని నాలుగు పేర్లు బోర్డు మీద రాసి, నాలుగు గుండ్రాలు గీసి, చుట్టూ బాణాలు పెట్టి పాఠం అయిందనిపించడం నాకు మహా చిరాకు. పేర్లు ముందు వచ్చేస్తే పిల్లలు పేర్లే పట్టుకుంటారు. ముందు రావాల్సింది ప్రశ్న. ఒక కణం రెండవడానికి ఒక పద్ధతి చక్కగా ఉండగా, ఇంకో పద్ధతి దేనికి?

ఈ ప్రశ్న నేను అడగను. అరటి చేత అడిగిస్తాను.

"మీ ఇంట్లో అరటి ఎలా వేస్తార్రా?"

"పిలకలు తెచ్చి పాతుతారండి."

"గింజలు వెయ్యరా?"

క్లాసంతా నవ్వు. మేడమ్‌కి అరటి తెలీదనుకుంటారు. "అరటికి గింజెక్కడుంటదండి!" అని వెనక బెంచీలోంచి ఒకడు నన్ను జాలిగా చూస్తాడు. అప్పుడు సంచిలోంచి కర్పూర చక్కెరకేళి తీసి, బ్లేడుతో అడ్డంగా బిళ్ళలు కోసి బెంచీకి ఒకటి చొప్పున ఇస్తాను. మధ్యలో సన్నగా నల్ల చుక్కలు. రోజూ తినేదే అయినా ఎవరూ చూసి ఉండరు. అవి గింజలు కాబోయి ఆగిపోయినవి. అడవి అరటిలో అక్కడే నల్లటి గట్టి గింజలు, పంటికింద రాళ్ళలా తగిలేవి ఉంటాయి. మన పెరటి అరటిలో ఎందుకు ఆగిపోయాయి? ఇక్కడి నుంచి ప్రశ్న వాళ్ళది.

అడవి అరటికి క్రోమోజోములు రెండు సెట్లు, సెట్టుకి 11 చొప్పున 22. మనం పండించే రకాల్లో చాలావాటికి మూడు సెట్లు, అంటే 33. ఈ మాట చెప్పేసి ఊరుకుంటే అది ఇంకో బిట్టు ప్రశ్న అయిపోతుంది. అందుకే ఊలు దారం తీస్తాను.

ఊలు దారం సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎవరైనా టీచర్లు చదివితే పనికొస్తుంది. ఎరుపు, నీలం, పసుపు ఉండలు మూడు చాలు. నలుగురు పిల్లలకి ఒక న్యూస్‌పేపరు, అది కణం. ముందు ఎరుపులో ఒక పొడుగు ముక్క, ఒక పొట్టి ముక్క; నీలంలోనూ అలాగే. ఎరుపు తల్లి నుంచి వచ్చింది, నీలం తండ్రి నుంచి. పొడుగువి రెండూ ఒక జత, పొట్టివి రెండూ ఒక జత. విభజన మొదలవక ముందే ప్రతి ముక్కకీ నకలు తయారవ్వాలి కాబట్టి, అదే రంగులో అదే పొడుగు ముక్క ఇంకోటి తెచ్చి రెండిటినీ నడుమ కలిపి ముడివేస్తాం. ఆ ముడే సెంట్రోమియర్.

సమవిభజన అప్పుడు ముడులన్నీ కాగితం నడుమ ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి. ఏ రంగు ఏ రంగు పక్కన ఉందన్నది పట్టించుకోనక్కర్లేదు. ముడి విప్పి సగం అటు, సగం ఇటు లాగేస్తే రెండు పక్కలా అచ్చంగా మొదట ఉన్నవే. పిలక వేసిన అరటి తల్లి అరటిలాగే ఉండేది ఇందుకే. దుంపలో జరిగిందంతా ముడి విప్పడమే. క్రోమోజోముల లెక్కని సగం చేసే క్షయకరణ విభజనలో మొదటి విడత ముడి విప్పకూడదు. ఎర్ర పొడుగుదీ నీలం పొడుగుదీ పక్కపక్కన జతకట్టాలి. జతలో ఒకటి అటు, ఒకటి ఇటు, ముడితో సహా వెళ్ళాలి. రెండో విడతలో ముడి విప్పుతాం. సగమైన లెక్క ఎక్కడ సగమైందో చేతులకే తెలుస్తుంది. పిల్లల్లో ఎక్కువమంది మొదటి విడతలోనే ముడి విప్పేస్తారు. విప్పనివ్వండి. లెక్క తప్పి మళ్ళీ చేసుకుంటారు.

ఇప్పుడు అరటి. ప్రతి పొడుగులోనూ పసుపు ముక్క ఒకటి కలపమంటాను. సమవిభజన చెయ్యమంటే ఇబ్బందేమీ లేదు, ముడులన్నీ విప్పి సమంగా పంచేస్తారు. ఇప్పుడు జతకట్టించి క్షయకరణ విభజన చెయ్యండి అంటాను. ఎరుపు, నీలం జతకట్టాయి. పసుపు మిగిలింది. కాసేపు గుసగుసలు. వాళ్ళ నాన్న గెలలు కోసే పనికి వెళతాడు, పుస్తకం పెద్దగా తియ్యని పిల్లాడు ఒకడు చెయ్యెత్తాడు.

"మూడోదాన్ని ఎటు లాగాలండి?"

"నీ ఇష్టం."

"ఇష్టమంటే ఎలాగండి, ఒక్కోళ్ళూ ఒక్కోవైపు లాగేత్తున్నారు."

ఆ మాట ఏ గైడ్‌లోనూ లేదు. సంగతంతా అదే. మూడోదాన్ని ఎటు లాగాలో కణానికీ తెలీదు. 11 రకాల క్రోమోజోముల్లో ప్రతి రకంలోనూ ఒక పక్కకి రెండు, ఇంకో పక్కకి ఒకటి పోతాయి. ఎటు రెండు పోతాయన్నది బొమ్మా బొరుసే. ఇలా తయారయ్యే ఒక బీజకణానికి, అంటే లైంగిక కణానికి, 11 రకాల్లోనూ ఒక్కొక్కటే, ఎక్కువా తక్కువా లేకుండా, పక్కాగా ఒక సెట్టు దొరకాలంటే రెండుని పదకొండుసార్లు గుణించిన లెక్కలో ఒక్క వంతు: 2048లో ఒకటి. మిగిలినవన్నీ కలగాపులగం. అలాంటి బీజకణాలతో గింజ కట్టదు. కాయ మాత్రం ఫలదీకరణతో పని లేకుండానే ఊరుతుంది, అది అరటి ప్రత్యేకత. గుణకారం లెక్కల పీరియడ్‌లో చేయించమని లెక్కల మాస్టారిని అడిగితే ఆయన మొదట నవ్వారు గానీ చేయించారు. వేసవిలో బజారుకొచ్చే గింజల్లేని పుచ్చకాయ కూడా ఇదే మూడు సెట్ల వ్యవహారమని చెబితే, పిల్లలు దాన్ని ఇంట్లో చెప్పుకున్నంతగా ఇంకేదీ చెప్పుకోలేదు.

ఇక్కడే ఇంకో సంగతి కలుస్తుంది. పిలకతో వచ్చిన తోటంతా ఒకే మొక్క కింద లెక్క. ఒకదాన్ని పడగొట్టిన తెగులు అన్నిటినీ పడగొడుతుంది. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ని ఏలిన గ్రో మిషెల్ అనే అరటి రకం పనామా తెగులుకి తుడిచిపెట్టుకుపోయి, 1950ల తర్వాత దాని చోట కావెండిష్ వచ్చి కూర్చుంది. మన అమృతపాణికీ ఆ తెగులంటే భయమే. మట్టిలో ఉండే శిలీంధ్రం అది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. "అమృతపాణి ఇప్పుడు దొరకట్లేదేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకునే మాట వెనక ఇంత కథ ఉంది.

కొబ్బరి దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు. కొబ్బరికి పిలక లేదు, అంటు కట్టడం లేదు. ఉన్నదల్లా కాయ. కడియం నర్సరీల్లో మామిడి అంటు, గులాబీ అంటు, దేనికైనా అంటు దొరుకుతుంది. కొబ్బరి అంటు మాత్రం ఎవరూ ఇవ్వలేరు. పెరిగే మొవ్వు ఒక్కటే, కొమ్మలు లేవు, మానులో చుట్టూ కొత్త పొర కట్టే కణజాలం లేదు. కాబట్టి ప్రతి కొబ్బరి మొక్కా క్షయకరణ విభజన దాటుకుని రావలసిందే.

మా విద్యార్థి తండ్రి ఒకాయన ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి వచ్చి నన్ను నిలబెట్టి అడిగాడు. "మేడమ్ గారూ, అంబాజీపేట నుంచి తెచ్చిన మొక్క బ్రహ్మాండంగా కాసిందండి. దాని కాయలే నారు పోసి పెంచితే ఒక్కోటీ ఒక్కోలా వత్తందండి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి అసలు కాపే లేదు. మందేవన్నా తక్కువయ్యిందంటారా?"

మందు తక్కువవ్వలేదు. అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళ గోదావరి గంగ ఒక సంకరం. మన తూర్పు తీరపు పొడుగు రకాన్ని తల్లిగా పెట్టి, గంగబొండం అనే పొట్టి రకం పుప్పొడి చల్లి తీస్తారు. తల్లి చెట్టు పూత విచ్చుకోగానే మగ పూలు తీసేసి, పిందె పూలకి వేరే చెట్టు పుప్పొడి అందిస్తారు. దింపు తీసేవాళ్ళంత ఒడుపు ఉన్నవాళ్ళు చెట్టెక్కి చెయ్యాల్సిన పని. కాయ ముదరడానికి దాదాపు ఏడాది. అలా వచ్చిన మొక్కలో పొడుగు రకం నుంచి ఒక సెట్టు, పొట్టి రకం నుంచి ఒక సెట్టు పక్కపక్కన ఉంటాయి. అంతవరకూ బాగానే ఉంది. ఆ చెట్టు మళ్ళీ బీజకణాలు తయారుచేసుకునేటప్పుడు జతలన్నీ విడిపోయి కొత్తగా కలుస్తాయి. కొబ్బరికి 32 క్రోమోజోములు, 16 జతలు. రెండుని పదహారుసార్లు గుణిస్తే 65,536 రకాల పంపకాలు, అదీ ఒక్క తల్లి వైపు నుంచే. జతకట్టినప్పుడు ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా కలపలేదు. అందుకే సంకరం మొక్క కావాలంటే ప్రతిసారీ మొదటి నుంచి సంకరం చెయ్యాల్సిందే. ఆయన అంతా విని "అయితే మా పిల్లలు మాలాగ లేకపోవడం కూడా ఇదేనాండి" అన్నాడు. అదేనండి. మనుషుల్లో జతలు 23, రెండుని ఇరవై మూడుసార్లు గుణిస్తే 83,88,608. మర్నాడు ఆ తండ్రి ప్రశ్నని పేరు చెప్పకుండా క్లాసులో పెట్టాను. కొడుకు మాత్రం గుర్తుపట్టి చెవులు ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు.

కొబ్బరిని అప్పుడే వదలకూడదు. బొండం నీళ్ళు కణవిభజన పాఠమే. ఫలదీకరణ తర్వాత అంకురచ్ఛదంలో, అంటే పిండానికి తిండి దాచిపెట్టే భాగంలో, కేంద్రకాలు మాత్రం విడిపోతూ పోతాయి, వాటి మధ్య గోడలు కట్టుకోవు. లేత బొండంలో మనం తాగేది అలా తేలే కేంద్రకాలున్న ద్రవం. కాయ ముదిరేకొద్దీ టెంక అంచు నుంచి గోడలు కట్టుకుంటూ వస్తే ముందు జున్నులాంటి లేత కొబ్బరి, తర్వాత గట్టి కొబ్బరి. మూడు వయసుల కాయలు బల్ల మీద పెట్టి కొట్టి చూపిస్తే చాలు, బొమ్మ గియ్యక్కర్లేదు. తాటి ముంజెల్లోనూ ఇదే కథ. ఈ నీళ్ళకి కణాలని విడగొట్టించే గుణం ఉందని 1941లోనే తేలింది. అమెరికాలో వాన్ ఓవర్‌బీక్, ఆయన తోటివాళ్ళు ఉమ్మెత్త జాతి పిండాలని గాజుపాత్రలో పెంచడానికి కొబ్బరి నీళ్ళు కలిపితే, అంతకుముందు పెరగని అతి చిన్న పిండాలు పెరిగాయి. సైటోకైనిన్లు అనే హార్మోన్ల సంగతి ఆ తర్వాత బయటపడింది. టిష్యూ కల్చర్ ల్యాబుల్లో ఇప్పటికీ కొబ్బరి నీళ్ళు వాడతారు. మనం మాత్రం చుట్టాలొస్తే కొట్టి ఇస్తాం.

ఇక ఉల్లి వేరు. దీన్ని మానెయ్యమని చాలామంది సలహా ఇచ్చారు. సిలబస్ అవ్వదు, మైక్రోస్కోప్ మసగ్గా ఉంటుంది, పిల్లలు స్లైడ్లు పగలగొడతారు. అన్నీ నిజమే. అయినా మానను.

ఉల్లిపాయ అడుగున ఎండిన వేళ్ళు గీకేసి టీ గ్లాసు మీద కూర్చోబెట్టి, అడుగు మాత్రం నీళ్ళకి తగిలేలా ఉంచితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. పొద్దున్నే కొసలు కోసి, మూడు వంతుల ఆల్కహాల్‌కి ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన సీసాలో ఒక రోజు ఉంచాలి. ఎసిటోకార్మిన్ రంగు దగ్గర్లోని జూనియర్ కాలేజీ ల్యాబ్ నుంచి చిన్న సీసాలో బతిమాలి తెచ్చుకుంటాను. కొస మీద రంగు, ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి స్పిరిట్ దీపం మీద గోరువెచ్చగా చెయ్యాలి. మరగకూడదు, మరిగితే కథ కంచికే. ముదురు రంగెక్కిన చివరి రెండు మిల్లీమీటర్లే ఉంచి, మిగతాది తీసేసి, కవర్‌స్లిప్ మూసి, మీద బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో నిట్టనిలువునా నొక్కాలి. పక్కకి జరిగితే కణాలన్నీ చుట్టచుట్టుకుపోతాయి. గట్టిగా నొక్కాలి, కానీ గాజు టప్పుమనకూడదు. ఈ పనిలో గారెలు తట్టడం వచ్చిన ఆడపిల్లలు మగపిల్లల కంటే నయమని నా అభిప్రాయం. దానికి శాస్త్రీయ ఆధారమేమీ లేదు.

మొదట చూసినవాడు ఎప్పుడూ ఒకటే మాట అంటాడు. "అన్నీ చుక్కలేనండి." నిజమే. ఎక్కువ కణాలు విభజనలో ఉండవు, ఒక విభజనకీ ఇంకో విభజనకీ నడుమ ఉండే అంతర్దశలో ఉంటాయి. పుస్తకంలో ప్రతి దశకీ ఒక్కో బొమ్మ, అన్నీ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే సమయం పడుతుందని పిల్లలు అనుకుంటారు. ఇక్కడ అది ఒక్క చూపుతో పోతుంది. కనబడినవాటికి పేర్లు వాళ్ళనే పెట్టమంటాను. ఈసారి "చిక్కుపడ్డది", "వరస కట్టింది", "లాక్కునేది", "రెండిళ్ళయింది" అని పెట్టారు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, ఒక్కొక్కరూ చూసినన్ని గీతలు పెట్టమంటే, చిక్కుపడ్డదాని గడి నిండిపోయింది. లాక్కునేది మాత్రం క్లాసు మొత్తానికి అక్కడొకటి ఇక్కడొకటి. ఎందుకు? తక్కువ కనబడిందంటే తక్కువసేపు ఉంటుందన్నమాట. రేవు దగ్గర ఎప్పుడెళ్ళినా పంటు కోసం నిలబడ్డ జనమే కనబడతారు గానీ ఎక్కుతున్నవాళ్ళు అరుదుగా కనబడతారు, అలా. ఫోన్ కెమెరా కంటికటకానికి ఆనించి ఒక పిల్ల తీసిన ఫోటోలో వరస కట్టిన 16 క్రోమోజోములు లెక్కపెట్టడానికి పోటీ పడ్డారు. ఒకరికి 14, ఒకరికి 17. ఫరవాలేదు. మనుషులకి 46 అని 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ తేల్చేదాకా ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా 48 అని నమ్మారు. మా వాళ్ళది అంతకంటే పెద్ద తేడా ఏమీ కాదు.

ఇదంతా అయ్యాక ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. మీలో ఎంతమందికి బడిలో ఈ పాఠం పూర్తిగా చెప్పారో నాకు అనుమానమే. పువ్వు దాకా చెబుతారు. మనిషి రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అంటారు. వేరే బడి నుంచి మా దగ్గర చేరిన పిల్ల పుస్తకంలో ఆ పేజీలు స్టేపుల్ చేసి ఉన్నాయి. ఎవరు చేశారని అడగలేదు. పిన్నులు తీసి ఇచ్చాను. మగపిల్లల్ని బయటికి పంపి ఆడపిల్లలకే చెప్పడం కూడా నాకు ఇష్టం ఉండదు. బయటికి పోయినవాడు ఫోన్లో నేర్చుకునేది నేను చెప్పేదాని కంటే బాగుంటుందనే నమ్మకం నాకు లేదు.

ఊలు దారాలు అయ్యాక చెబితే నవ్వులు బాగా తగ్గుతాయి. ఎందుకంటే అప్పటికి వాళ్ళకో ప్రశ్న ఉంటుంది: ఈ సగం చేసే పని మనలో ఎక్కడ? మగపిల్లల్లో ముష్కాల్లో, యుక్తవయసులో మొదలై రోజూ జరుగుతూనే ఉంటుంది. తొమ్మిదో తరగతి, పదో తరగతి వయసులో జరుగుతున్న పనే అది. ఆడపిల్లల్లో కథ వేరు. అండకణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టేది పుట్టకముందే. మొదటి విడత ప్రథమదశలోనే ఆగిపోతాయి. పుట్టేనాటికి అలా ఆగినవి పది లక్షలకు పైగా ఉంటాయి, పెద్దమనిషయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తమ్మీద విడుదలయ్యేవి నాలుగు వందల దాకా. నెలకొకటి నిద్రలేచి మొదటి విడత పూర్తిచేస్తుంది. రెండో విడత శుక్రకణం చేరితేనే పూర్తవుతుంది. కాబట్టి నువ్వు పుట్టిన అండకణం మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారై కూర్చుంది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో నవ్వినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఒక పిల్ల "అయితే మా అమ్మమ్మ తిన్న తిండి నాకూ తగిలినట్టేనాండి?" అని అడిగింది. దానికి సమాధానం రెండు ముక్కల్లో లేదు. అడిగినందుకు మాత్రం భుజం తట్టాను.

ఎక్స్, వై క్రోమోజోములు చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచుతాను, అది నా ఇష్టం. తల్లి అండాలన్నిటిలోనూ ఎక్స్ ఒక్కటే. తండ్రి శుక్రకణాల్లో సగం ఎక్స్, సగం వై. ఎక్స్ ఉన్నది చేరితే ఆడపిల్ల, వై ఉన్నది చేరితే మగపిల్లాడు. నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ 1905లో పిండిపురుగుల్లో ఈ తేడా పట్టుకుంది. నూటికి పైగా ఏళ్ళయింది. ఇంకా మా ఊళ్ళల్లో మూడో ఆడపిల్ల పుడితే కోడలి వైపే చూస్తారు. మా క్లాసులో ఎర్ర ఊలు, నీలం ఊలు పట్టుకుని ఆ పంపకం చేసిన పిల్లలు రేపు అత్తలూ మామలూ అవుతారు.

చివరి సంగతి నీలం మాత్రది. వారం వారం బడిలో పిల్లలకి ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర. మింగడానికి నానా యాగీ. కిటికీలోంచి విసిరేసేవాళ్ళు, నాలిక కింద దాచేవాళ్ళు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణం డీఎన్‌ఏకి నకలు తయారుచేసుకోలేదు. అంటే ఊలు ముక్కకి రెండో ముక్క దొరకదు. ఎర్ర రక్తకణాలు కావలసినవి పెద్దవి అవుతాయి గానీ విడిపోలేవు, రక్తహీనత వస్తుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే బృందాన్ని నడిపించింది యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మనకి గోదావరి పాయ దాటితే వచ్చే ఊరు. అదే బృందం ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని చోటు ఆక్రమించి, పని మాత్రం చెయ్యని మందులనీ తయారుచేసింది. విభజన ఆగాలంటే నకలు ఆపితే చాలు. అలాంటి ఎమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లలకి ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే. దానికి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇది చెబుతుండగా ఒక పిల్ల లేచి నిలబడింది. వాళ్ళ పిన్నికి కీమో ఇస్తున్నారట. "క్యాన్సర్ మందైతే జుట్టెందుకు ఊడిపోతదండి?"

ఆ మందు మంచి కణాన్నీ చెడ్డ కణాన్నీ గుర్తుపట్టదు, విడిపోతున్న కణాన్నే పట్టుకుంటుంది అన్నాను. మన ఒంట్లో గబగబా విడిపోయే కణాలు ఎక్కడెక్కడుంటాయో మీరే చెప్పండి అని క్లాసుకే వదిలేశాను. జుట్టు కుదురు అన్నారు. నోటి లోపలి పొర, ఎందుకంటే పిన్నికి నోట్లో పుళ్ళు వచ్చాయని ఆ పిల్లే చెప్పింది. పేగులు అన్నారు. రక్తం అని ఎవరూ అనలేదు. ఎముక మూలుగలో తయారవుతుందని నేను కలిపాను. మందు ఆపాక జుట్టు మళ్ళీ వస్తుందా అని అడిగింది. మామూలుగా వస్తుంది, కుదురు పూర్తిగా చావదు, మళ్ళీ విడిపోవడం మొదలుపెడుతుంది అన్నాను. కూర్చుని పక్క పిల్లకి ఏదో చెప్పింది.

దశల పేర్లు ఆ మర్నాడు బోర్డు మీద రాశాను. చిక్కుపడ్డది ప్రథమదశ, వరస కట్టింది మధ్యస్థదశ, లాక్కునేది చలనదశ, రెండిళ్ళయింది అంత్యదశ. పీరియడ్ సగంలోనే అయిపోయింది. మిగిలిన సగంలో ఊలు చిక్కులు తీసి ఉండలు చుట్టించాను, వచ్చే ఏడాది మళ్ళీ కొనాలంటే చెయ్యి రాదు కదా.